వంటలక్క తిరిగొచ్చింది

సాయంత్రం ఏడున్నర అయిందంటే మా ఇంట్లో కుక్కరు కూడా ఈల వేయడానికి జంకేది. ‘కార్తీకదీపం’ వేళ మరి! 2017 అక్టోబరులో మొదలైంది మొదలు, మా అత్తగారికి ముందు దేవుడి గూట్లో దీపం, తర్వాత టీవీలో దీప.

కథ మీకు తెలియనిదా? నల్లపిల్లని డాక్టర్‌బాబు కోరి చేసుకున్నాడు. ఆనక లేనిపోని అనుమానంతో దూరం పెట్టాడు. ఆవిడ వంటలు చేసి కూతుర్ని పెంచుకుంటూ అందరికీ ‘వంటలక్క’ అయింది. ఇది మలయాళంలో ‘కరుత్తముత్తు’గా వచ్చిన కథేననీ, అక్కడ వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా దీప అనీ చెబితే మా అత్తగారు కొట్టిపారేశారు.

“మలయాళమేమిటమ్మాయ్! ఆ ఏడుపు చూడు, అచ్చం మన గోదావరి జిల్లా పిల్ల!”

నేను మాత్రం వంటింట్లోంచి ఎగతాళి చేసేదాన్ని. ఒక్క పరీక్ష చేయిస్తే తేలిపోయే అనుమానానికి ఇన్నేళ్ళా, పైగా ఆయన డాక్టరాయె! అని.

ఇలా వుండగా 2022 మార్చిలో ఆ దంపతులిద్దర్నీ ప్రమాదంలో చంపేసి, పిల్లలు హిమ, శౌర్యల్ని పెద్దవాళ్ళని చేసి కథ నడిపించారు. ఆ రాత్రి అత్తగారు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే లేచిపోయారు. నాకు నవ్వాగలేదు.

“కథేగా అత్తయ్యా!”

“కథే. కాదన్నానా? బతికినన్నాళ్ళూ ఏడిపించి, నాలుగు రోజులు సుఖపడే వేళకి తీసుకుపోయారు. మా అక్కకి జరిగినట్టే.”

ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు దాటినా ఆ అక్క సంగతి నేనెన్నడూ వినలేదు. భర్త వదిలేస్తే పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వండిపెట్టి కొడుకుని చదివించిందట. వాడికి ఉద్యోగమొచ్చింది. మొదటి జీతంతో అమ్మకి చీర కొనుక్కుని బయల్దేరాడు. వాడు ఇల్లు చేరేసరికి ఆవిడ లేదు. చెప్పడం అయ్యాక అత్తగారు వెళ్ళి పడుకున్నారు. నా నవ్వు నాకే సిగ్గేసింది.

అక్కణ్ణుంచి ఏడున్నరకి మా టీవీ మూగనోము పట్టింది. కుక్కరు మాత్రం స్వేచ్ఛగా ఈలలు వేసుకుంది. ఆ ఈల వింటే నాకే ఏదోలా వుండేది.

ఆగస్టులో పక్కింటావిడ గోడమీంచి కేకేసింది. “వంటలక్క చచ్చిపోలేదుటండీ! కోమాలోంచి లేచిందిట!”

చచ్చినవాళ్ళు బతికి రావడమేమిటని మరోసారైతే ఓ ఉపన్యాసం దంచేదాన్నే. ఆ పూట నోరు మూసుకుని, ఏడున్నరకి నేనే టీవీ పెట్టి, అత్తగారి కుర్చీ దగ్గరికి జరిపాను.

తీరా వచ్చి సుఖపడిందా అంటే అదీ లేదు. డాక్టర్‌బాబుకి గతం గుర్తులేదు, పక్కన ఆ మోనిత తిష్ఠ వేసుకుని కూర్చుంది! మళ్ళీ కన్నీళ్ళే.

“చూశారా అత్తయ్యా, ఏడిపించడానికే రప్పించారు” అన్నాను.

“ఏడవనీ అమ్మాయ్. మనిషంటూ వుంటే ఏదో ఒకనాడు నవ్వుతుంది. లేనిదాన్ని ఎవరు నవ్విస్తారు?”

2023 జనవరిలో ఆ సీరియల్ ముగిసింది. 2024 మార్చిలో ‘ఇది నవ వసంతం’ అంటూ అదే జంట కొత్త కథతో మళ్ళీ వచ్చింది. పోయినవాళ్ళని తిరిగి తేవడంలో టీవీవాళ్ళ రేటింగుల లెక్కలు వాళ్ళకుంటాయి. చూసేవాళ్ళ లెక్కలు వేరు. అవి నాకు ఆ ఆగస్టు రాత్రి తెలిశాయి.

ఆ రాత్రి అత్తగారు మారు వడ్డించుకున్నారు.