కుబుసం కబుర్లు

గల్ఫ్‌లో పెరిగే మన పిల్లలకి కుక్కపిల్లని పెంచుకునే అదృష్టం అందరికీ దొరకదు. ఫ్లాట్ ఓనరు ఒప్పుకోడు. ఒప్పుకున్నా జూలై ఎండలో దాన్ని వాకింగుకి తిప్పేదెవరు? అందుకే దోహాలో మనవాళ్ల ఇళ్లకి వెళ్తే లవ్ బర్డ్సో, అక్వేరియంలో చేపలో, సూక్ వాకిఫ్‌లో కొనుక్కొచ్చిన కుందేలో కనిపిస్తాయి. మా ఇంట్లో మాత్రం ఒక పాము ఉంది.

కంగారు పడకండి. దానికి విషం లేదు. కార్న్ స్నేక్ అంటారు, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు దాని పుట్టిల్లు. పొట్ట మీది నలుపు తెలుపు గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందంటారు. అందుకే ఆరో తరగతి చదువుతున్న మా వాడు దానికి ‘కంకి’ అని పేరు పెట్టాడు.

బడులకి సెలవులిచ్చే జూన్ నెలాఖరులో మావారి సహోద్యోగి ఒకాయన కుటుంబంతో సహా దోహా వదిలి వెళ్లిపోతూ దాన్ని మాకు అప్పగించారు. ఇక్కడ ఇది మామూలేగా! ఒకరు వెళ్తూ సోఫా ఇస్తారు, ఇంకొకరు పూలకుండీలు ఇస్తారు. మాకు గాజు తొట్టెతో సహా పామునిచ్చారు. సామాన్లు సర్దుకునే హడావిడిలో దాన్ని పట్టించుకునే తీరిక వాళ్లకి దొరికినట్టు లేదు. వచ్చిన రోజే మా వాడు రెండు సంగతులు కనిపెట్టాడు. తోక చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుని ఉంది. ఎడమ కన్ను కుడికన్నులా మెరవడం లేదు.

“అమ్మా, గోటితో లాగేస్తే వచ్చేస్తుందేమో!” అన్నాడు.

“ముట్టుకోకురా!” అని గది గుమ్మం అవతల నుంచే కేక వేశారు మా అత్తయ్యగారు.

ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడది దివిసీమ, మోపిదేవి దగ్గర పల్లె. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులవి. వరిచేలో పాము కరిచి పోయినవాళ్లని కళ్లారా చూసిన మనిషి కూడాను. విజిట్ వీసా మీద మనవణ్ణి చూద్దామని వస్తే ఇంట్లో పాము కనిపించింది. మొదటి రెండు రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు. కానీ కుబుసం గురించి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. “కుబుసం పట్టిన పాముకి చూపు ఆనదు నాన్నా. అప్పుడు దాని జోలికి వెళ్లకూడదు. దానంతటదే విడుచుకుంటుంది, మనం లాగకూడదు” అన్నారు.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పశువైద్యులందరూ పాముల్ని చూడరు కనుక ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది. ఆయన కూడా అత్తయ్యగారి మాటే చెప్పారు, కారణాలతో సహా.

పాము ఒళ్లు పెరుగుతుంది కానీ పై పొర దానితో పాటు సాగదు. అందుకని లోపల కొత్త పొర తయారవుతుంది. రెండు పొరల మధ్య సన్నగా ద్రవం చేరుతుంది. అప్పుడు ఒంటి రంగు వెలిసిపోయి, కళ్లు పాలు కలిపిన నీలంలా మసకబారతాయి. కొద్ది రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకి ముక్కుని దేనికో ఒకదానికి రుద్దుకుని, పెదవుల దగ్గర పొర ఊడదీసుకుని, మనం మేజోడు తిరగేసి తీసినట్టు, తల నుంచి తోక దాకా ఒకే తొడుగుగా విడిచేస్తుంది. చిన్న పాములు దాదాపు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, పెద్దవి రెండు మూడు నెలలకోసారి ఇలా చేస్తాయి.

తేడా వచ్చేది గాలి పొడిగా ఉన్నప్పుడు. దోహాలో వేసవిలో బయట అడుగు పెడితే కళ్లజోడు మీద ఆవిరి పడుతుంది. లోపల మాత్రం రాత్రింబవళ్లు ఏసీ తిరిగి గాలిలో చెమ్మంతా పీల్చేస్తుంది. మా హాల్లో హైగ్రోమీటర్ పెడితే 30 శాతం చూపించింది. కార్న్ స్నేక్‌కి మామూలు రోజుల్లో 40 నుంచి 60 శాతం, కుబుసం పట్టినప్పుడు ఇంకాస్త ఎక్కువ తేమ కావాలి. లేకపోతే పొర ఎండి ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. తోకకి చుట్టుకున్న ముక్క ఎండేకొద్దీ బిగిసి రక్తం అందనివ్వదు. పాముకి కనురెప్పలు ఉండవు. కంటి మీద అద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడాలి. ఊడలేదని మనం పట్టకారుతో లాగితే కన్నే పోవచ్చు.

డాక్టరుగారు చెప్పినట్టు ఒక ప్లాస్టిక్ డబ్బాలో గోరువెచ్చని నీళ్లు, పాము ఒంటి మందంలో సగం దాకా పోశాం. మూతకి గాలి కోసం కన్నాలు. ఇరవై నిమిషాల సేపు మా వాడు పక్కనే కూర్చుని కాపలా కాశాడు. తర్వాత తడి తువ్వాలుని చేతుల్లో వదులుగా పట్టుకుంటే కంకి దాని మడతల్లోంచి పాక్కుంటూ పోయింది. లాగడం లేదు, గీకడం లేదు. మూడో రోజు ఉంగరం మెత్తబడి తువ్వాలుకి అంటుకుని వచ్చేసింది. కానీ తోక కొస అప్పటికే నల్లబడింది. రెండు వారాలకి గోధుమగింజంత ముక్క ఎండి రాలిపోయింది. మా వాడు ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఇక మిగిలింది కన్ను. “తర్వాతి కుబుసం దాకా ఆగండి” అన్నారు డాక్టరుగారు. పన్నెండేళ్ల పిల్లాడికి ఆగమని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. తొట్టెలో ఒక మూల తడి నాచు నింపిన డబ్బా పెట్టాం, అది దూరడానికి వీలుగా ఒక కన్నంతో. రుద్దుకోవడానికి గరుకు కొమ్మ, చుట్టచుట్టుకుని పడుకునేంత నీళ్ల గిన్నె. జూలై చివర్లో కళ్లు నీలంగా మారాయి. తిండి మానేసింది. ఆ రోజుల్లో మేత పెట్టకూడదు, చేతిలోకి తీసుకోకూడదు. గది గుమ్మం దాటని అత్తయ్యగారు పొద్దున్నే లేచి, దూరంగా కుర్చీ వేసుకుని, “ఇవాళ కళ్లు తేటపడ్డాయిరా” అని మనవడికి కబురు చెప్పసాగారు.

ఒక తెల్లవారుజామున నాచు డబ్బా పక్కన కుబుసం ఒకే తొడుగుగా పడి ఉంది. వాడు ముందు పాముని చూడలేదు. కుబుసాన్ని జాగ్రత్తగా విప్పి, టార్చిలైటు వెలుగులో తల భాగం చూశాడు. రెండు గుండ్రటి అద్దాలూ ఉన్నాయి. ఎడమది కాస్త మందంగా ఉంది, పాత పొర కూడా దానితోనే వచ్చేసింది. అప్పుడు తలెత్తి కంకి కేసి చూశాడు. రెండు కళ్లూ నల్లపూసల్లా మెరుస్తున్నాయి. అత్తయ్యగారు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. పాముకో, మనవడి ఓపికకో ఆవిడ చెప్పలేదు. కొలిస్తే పాము 92 సెంటీమీటర్లు, కుబుసం 108. మడతల్లోని చర్మం కూడా సాగుతుంది కనుక కుబుసం ఎప్పుడూ పాము కంటే పొడవే.

పిల్లలూ, మీకు నాలుగు మాటలు. పాముని గానీ, బల్లిజాతి పెంపుడు జంతువుని గానీ పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, వాటి ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండొచ్చు. కుబుసం అంటుకుపోతే నూనె రాయకండి, గోటితో లాగకండి, అమ్మానాన్నలకి చెప్పండి. పెంపుడు పాము వేరు, బయట తిరిగే పాము వేరు. ఖతార్ ఇసుకలో కొమ్ముల్లాంటి పొలుసులున్న హార్న్‌డ్ వైపర్ అనే విషసర్పం ఉంది. సీలైన్ వైపు చలికాలం క్యాంపింగుకి వెళ్లినప్పుడు బూట్లు దులిపి వేసుకోండి, పాము కనిపిస్తే దూరం జరగండి.

పెద్దలకి ఒక్క మాట. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. మన వీసా అన్నాళ్లు ఉంటుందో లేదో మనకే తెలియదు. సరదాపడి కొనే ముందు, మనం వెళ్లిపోతే దాన్ని ఎవరు చూసుకుంటారో ఆలోచించండి. ఎడారిలో వదిలేస్తే ఎండకి చస్తుంది. ఇక్కడి అనుమతుల సంగతి కూడా ముందే కనుక్కోండి. సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు పిల్లలు అక్కడి పాముని పెంచుకుంటామంటే కుదరదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఇంట్లోకి పాము దూరితే కర్ర వెతక్కుండా పట్టేవాళ్లని పిలవమనండి. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఆ పని చేస్తోంది.

మేం ఎప్పుడైనా దోహా వదిలి వెళ్లాల్సి వస్తే కంకిని తీసుకుంటామని మా కింది ఫ్లాటు వాళ్లు ఇప్పటికే మాటిచ్చారు. వాళ్లమ్మాయికి తడి తువ్వాలు ఎలా పట్టుకోవాలో మా వాడు నేర్పుతున్నాడు. మొదటి పాఠం వాళ్ల నాన్నమ్మ మాటే: “లాగకూడదు.”