సిగ్నల్ లేని చోట.. పది పలకరింపులు!

టెక్సాస్ చివర్న, డాలస్ నుంచి కారులో తొమ్మిది గంటల దూరంలో ఉంటుంది బిగ్ బెండ్ నేషనల్ పార్క్. 1944లో ఏర్పడిన ఈ ఎడారి పార్కు 8 లక్షల ఎకరాల పైమాటే. రియో గ్రాండే నది దాటితే మెక్సికో. చాలాచోట్ల ఫోన్‌లో ఒక్క గీత కూడా కనిపించదు. నేను వెళ్లింది కొండల కోసం. మావారు వచ్చింది రేడియో కోసం!

ఆయన హామ్, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్. హామ్‌లకు ‘పార్క్స్ ఆన్ ది ఎయిర్’ అని ఒక సరదా ఉంది. పార్కులో కూర్చుని సొంత రేడియోతో కనీసం పది మందిని పలకరిస్తేనే ఆ పార్కు ఖాతాలో పడుతుంది. చిక్కేంటంటే, రోజు లెక్క యూటీసీ టైమ్‌లో. చలికాలంలో ఇక్కడ సాయంత్రం ఆరవగానే తారీఖు మారిపోతుంది. లెక్క మళ్లీ సున్నా నుంచి.

డిసెంబరులో పొద్దు గుంకేదీ అప్పుడే. రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్ పక్కనున్న గుట్టెక్కితే, మెక్సికో వైపు సియెర్రా డెల్ కార్మెన్ కొండలు గులాబీ రంగుకి తిరగడం చూడొచ్చు. నేనొచ్చిందే దానికోసం. మరి ఇద్దరం కలిసి చూసేదెలా?

టెంట్ వేసేసరికే నాలుగు. గోంగూర పచ్చడితో సహా తిండంతా గట్టిగా మూసిపెట్టాం (వాసనకి జావెలీనాలొస్తాయి, చూడ్డానికి అడవిపందుల్లా ఉంటాయి). చెట్ల జోలికి పోకుండా, మడత గెడకి యాంటెన్నా వైరు కట్టి, చిన్న బ్యాటరీతో 14 మెగాహెర్ట్జ్‌లో పిలవడం మొదలెట్టారు. ఆ తరంగాలు పైన అయనోస్ఫియర్‌లో వంగి, వందల వేల మైళ్ల అవతల దిగుతాయి. టవర్‌తో పనిలేదు.

ఐదున్నరకి ఏడుగురే. నేను వాకీటాకీ తీసుకుని గుట్టెక్కా. నాకూ లైసెన్స్ ఉంది లెండి. మొదటి పరీక్షలో 35 ప్రశ్నలకి 26 రైటైతే చాలు, అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, కాల్ సైన్ మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాలి. (ఇండియాలోనూ పరీక్ష రాసి హామ్ కావచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది మన హైదరాబాద్‌లోనే.)

“ఎనిమిది. ఒహాయో. అక్కడెలా ఉంది?”

“ఇంకా పసుపే.. అంచులు ఎర్రబడుతున్నాయి.”

“తొమ్మిది.”

“ఇప్పుడు గులాబీ. కొండ మొత్తం!”

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. కింద నది మీద నీడ కమ్మేసింది. ఐదూ యాభైమూడుకి వాకీటాకీ గరగరమంది.

“పది! ఫ్లోరిడాలో, ఇంకో పార్కులో కూర్చున్న హామ్. రంగు ఉందా ఇంకా?”

“పోతోంది. త్వరగా రండి.”

ఆయన ఆయాసపడుతూ గుట్టెక్కేసరికి కొండ బూడిద రంగుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే పదీ పూర్తిచేసి రేడియో సర్దేశారు. సాయంత్రం ఐదింటికే ఇద్దరం గుట్ట మీదున్నాం.