లీటరు లెక్క

కర్నూలులో కొత్తగా కారు కొన్నవానిని జనులు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంత ఇస్తుంది?" పాడిగేదెను కొన్నవానిని అడిగినట్లే అడుగుతారు. 2024 దసరా సెలవులలో మేము హైబ్రిడ్ కారొకటి కొన్నాము. ఆనాటి నుండి ఈ ప్రశ్నకు "ఇరవై ఆరు" అని జవాబు చెప్పుచు వచ్చినాము. అది నిజము కాదని రెండవ నెలలోనే తెలిసిపోయినది. తెలిసిన పిమ్మట కూడ సంవత్సరము పైగా అదే జవాబు చెప్పినాము.

ఇప్పుడు దానిని సవరించుకొనవలసిన అగత్యము కలిగినది. కళాశాల పాత వ్యానును మార్చి కొత్త వాహనము కొనదలచిన పాలకవర్గమువారు మా సలహా కోరినారు. భౌతికశాస్త్రము బోధించువారము, పైగా అట్టి కారును స్వయముగా నడుపుచున్నవారము, మాకు తెలియకున్న ఇంకెవరికి తెలియునని వారి తలంపు. ముఖాముఖిగా చెప్పుటకు నోరు రాక ఈ సంచికలో నాలుగు పుటలు అడిగి పుచ్చుకొన్నాము.

మా పాత కారు పదమూడేండ్లు నడిచినది. లీటరుకు ఇచ్చినదియు పదమూడే. కొత్తది కొనుట తప్పనిసరియైనప్పుడు మా ముందర రెండు రకములు నిలిచినవి. ఒకే కారు, ఒకే రంగు. ఒకటి కేవలము పెట్రోలుతో నడుచునది, రెండవది పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు గలది. రెండవదానికి మూడు లక్షల రూపాయలు అధికము. సరిగా ఆ మూడు లక్షలే మా శ్రీమతి వేరుగా దాచి ఉంచినది. ఆదోనిలో ఒంటరిగా ఉన్న మా అత్తగారికి మోకాళ్ళు పట్టివేసి మేడ మెట్లు ఎక్కలేరు గనుక, మా పెరటిలో స్నానాలగదితో కూడిన చిన్న గది కట్టించవలెనని ఆమె సంకల్పము. ఆ సొమ్మును మేము అడిగినాము.

అడుగుట మాత్రమే కాదు, గోడ క్యాలెండరు తీసి, వెనుక వైపున లెక్క వేసి చూపినాము. ఏటా 12,000 కిలోమీటర్లు. పాత కారు లెక్కన 923 లీటర్లు. కొత్తది ఇరవై ఆరు ఇచ్చును గనుక 461 లీటర్లు. పెట్రోలు లీటరు సుమారు 110 రూపాయలు. అనగా ఏటా ఏబదివేల రూపాయల ఆదా. ఆరేండ్లలో మూడు లక్షలు తిరిగి వచ్చును. మా శ్రీమతి లెక్కను చూచి, "మీరు చెప్పినాక ఇంకేముంది లెండి" అన్నది. ఇరవై ఎనిమిదేండ్ల కాపురములో మా లెక్కను ఆమె శంకించిన సందర్భము లేదు. ఆ మాట నేటికిని మాకు గుచ్చుకొనుచునే ఉన్నది.

మొదటి ట్యాంకులోనే తేడా కనబడినది. బండి కొత్తది గదా, సర్దుకొనునని ఊరుకొన్నాము. సర్వీసు కేంద్రములోని యువకుడు కూడ అదే చెప్పినాడు. ఐదువేల కిలోమీటర్లు తిరుగనిండు సార్, మెల్లగా నడపండి అన్నాడు. మెల్లగానే నడిపినాము. ఐదువేలు దాటినవి. 2025 జనవరి ఒకటవ తేదీనుండి ఒక నోటుపుస్తకము పెట్టి, ప్రతిసారి ట్యాంకు నిండుగా పోయించి, పోసిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు వ్రాసినాము. కారు ముందుభాగమున గల తెర తనంతట తానే ఒక అంకె చూపును గాని, అది మా పుస్తకము కంటె ఎల్లప్పుడును ఒకటి ఎక్కువే చెప్పుచుండెను. డిసెంబరు ముగియునాటికి 11,640 కిలోమీటర్లకు 684 లీటర్లు. లీటరుకు పదిహేడు.

ఉర్దూ శాఖలోని మా మిత్రులొకరు ఈ పుస్తకము చూచి, "మాస్టారూ, దీన్నే మేము ఖయాలీ పులావ్ అంటాం. వాసన బ్రహ్మాండం, కడుపు మాత్రం నిండదు" అన్నారు. నవ్వినాము గాని, ఆ రాత్రి మాత్రము నిద్ర పట్టలేదు.

ఆ ఇరవై ఆరు ఎక్కడినుండి వచ్చినదో అప్పుడు విచారించినాము. కొనుటకు ముందు విచారించవలసినది. మన దేశములో కార్లకు జరుపు పరీక్షలో వాహనము రోడ్డుమీద పోదు. ప్రయోగశాలలో, తిరుగు దిమ్మెల మీద నిలిచిన చోటనే చక్రములు తిరుగును. పరీక్ష 1,180 సెకనులు, అనగా ఇరువది నిమిషములకు కొంచెము తక్కువ. ఆ వ్యవధిలో పోయినట్లు లెక్కకు వచ్చు దూరము పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు. గరిష్ఠ వేగము గంటకు 90 కిలోమీటర్లు, అదియు కొద్ది క్షణములే. ఏ.సి. వేయరు. ఎదురుగాలి లేదు, గుంత లేదు, బళ్ళారి చౌరస్తా లేదు, మే నెల లేదు. ఇందులో మోసమేమియు లేదు. అన్ని కార్లను ఒకే త్రాసులో తూచుటకు ఏర్పరచిన పద్ధతి అది. ఒక కారును మరియొక కారుతో పోల్చుటకు అది పనికివచ్చును. మేము చేసిన పని వేరు: పాత కారుకు రోడ్డు మీది అంకెను, కొత్త కారుకు ప్రయోగశాల అంకెను తీసికొని, ఒకదానినుండి మరియొకటి తీసివేసినాము. కొలతల పరిస్థితులు వ్రాయకుండ ఫలితము వ్రాసిన విద్యార్థికి ప్రాక్టికల్ పరీక్షలో సున్న వేయు అధ్యాపకులము మేము.

ఇక కారు సంగతి. ఇంజను, మోటారు రెండింటిని కలిపి నడపవలెనను ఊహ క్రొత్తది కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే అట్టి బండి నిర్మించినాడు. పెద్ద ఎత్తున తయారై జనసామాన్యము చేతికి వచ్చినది మాత్రము 1997 డిసెంబరులో జపానులో వెలువడిన టయోటా ప్రియస్‌తోనే. దీని కీలకము, బండి ఆగునప్పుడు వృథాగా వేడియై పోవు గతిశక్తిని మోటారు వెనుకకు తిప్పి బ్యాటరీలో నింపుకొనుట. తిరిగి కదలునప్పుడు ఆ శక్తినే వాడుకొనుట. కనుక ఆగుచు సాగుచు పోవు పట్టణ ప్రయాణములోనే దీనికి లాభమెక్కువ. మేము పట్టణవాసులమే గదా, మరి లాభమెక్కడ పోయినది?

మా ఇంటికి, కళాశాలకు మధ్య మూడున్నర కిలోమీటర్లు. మధ్యాహ్నభోజనమునకు ఇంటికి వచ్చు అలవాటు గనుక దినమునకు నాలుగు ప్రయాణములు. ప్రతి ప్రయాణములోను ఇంజను మొదట వేడెక్కవలెను. పొగను శుద్ధి చేయు కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కనిదే పని చేయదు. అందుచేత మోటారు ఒక్కటే చాలియున్నను, ఇంజను తనకై తాను కొంతసేపు మండుచుండును. అది సిద్ధమగు సరికి కళాశాల గేటు వచ్చును. దీనికి తోడు ఎండ. వేపచెట్టు నీడ ప్రిన్సిపాలుగారి బండికే చాలును గనుక మాది నాలుగు గంటలవరకు ఎండలో కాగుచుండును. ఎక్కగానే ఏ.సి. పూర్తిగా త్రిప్పుదుము. కారులోని బ్యాటరీలో పట్టునది సుమారు ఒక యూనిటు విద్యుత్తు. దానిలోనూ పూర్తిగా వాడనిచ్చుట లేదు. ఏప్రిల్ ఎండలో ఏ.సి. ఒక్కటే ఒకటి రెండు కిలోవాట్లు లాగును. లెక్క విద్యార్థులే వేసికొనగలరు. బ్యాటరీ తరుగగానే, చౌరస్తాలో నిలిచి ఉన్నను ఇంజను లేచి దానిని నింపనారంభించును. ఏప్రిల్, మే నెలలలో మా పుస్తకము 15 దాటలేదు. డిసెంబరులో 19 వచ్చినది.

మరియొక లోపము మా ఇంటిదే. కారు సీటు మాయకుండ వెనుక సీటు మీద పెద్ద జంపఖానా పరచినాము. బ్యాటరీని చల్లబరచు గాలి పోవు జాలీ ఆ సీటు ప్రక్కనే ఉన్నదనియు, దానిని మూయరాదనియు కారుతో ఇచ్చిన పుస్తకములో స్పష్టముగా వ్రాసియున్నది. ఎనిమిది నెలల తరువాత ఆ పుట చదివినాము. వెనుక నుండి వచ్చు హోరు ఏమిటో అప్పుడు బోధపడినది. టైర్లలో గాలి కూడ ఉండవలసినదానికంటె తక్కువే ఉండినది. ఇవి సవరించినందున అర కిలోమీటరు పెరిగినదేమో.

పెట్రోలు సంగతియు చెప్పవలెను. 2025 నాటికి మన బంకులలో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు సాధారణమైనది. ఒక లీటరు ఇథనాలులో గల శక్తి పెట్రోలులోని దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఆ లెక్కన కలిపిన లీటరులో శక్తి ఆరేడు శాతము తక్కువ. దానికి తగినట్లు తయారుచేసిన ఇంజన్లు ఈ నష్టములో కొంత పూడ్చుకొనగలవు. తొమ్మిది కిలోమీటర్ల లోటునకు ఇది ఒక్కటే కారణమని మేము కొంతకాలము అందరికీ చెప్పి తిరిగినాము. అందులో మా తప్పేమియు లేదు గనుక ఆ కారణము మాకు మిక్కిలి రుచించినది.

రహదారి మీద ఇంకొక తీరు. హైదరాబాదుకు నూరు పైన వేగముతో పోయినప్పుడు 17 వచ్చినది. వచ్చునప్పుడు ఎనుబదికి మించక నడిపిన 21 వచ్చినది. గాలి నిరోధము వేగము యొక్క వర్గముతో పెరుగునని ఇరవై ఐదేండ్లు నల్లబల్ల మీద వ్రాసిన చేయియే ఆక్సిలరేటరు తొక్కు కాలికి ఆ సంగతి చెప్పలేదు. అన్నిటికంటె ఉత్తమ ఫలితము 23. అది ఏ దారిలోననగా, ఆదోని దారిలో. ఊరికొక వేగనిరోధకము, దారి పొడుగునా గొర్రెల మందలు. అరువది దాటుటకు వీలులేని నూరు కిలోమీటర్ల ప్రయాణము. అత్తగారి ఊరికి పోయినప్పుడే మా కారు మా మాటకు కొంచెము దగ్గరగా నిలిచినది. ఈ విషయము మా శ్రీమతి గమనించినది గాని పైకేమియు అనలేదు.

పాలకవర్గమువారికి ఉపయోగపడునది ఒక్క ముక్క ఉన్నది. 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అను ఇరువురు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించినారు. లీటరుకెన్ని కిలోమీటర్లు అని అడుగు పద్ధతియే మనుష్యుని తప్పుదారి పట్టించుననియు, ఇంత దూరమునకెన్ని లీటర్లు అని అడుగవలెననియు దాని సారాంశము. వారు మైళ్ళు, గ్యాలన్లలో చెప్పినారు. మేము మా లెక్కలో చెప్పెదము. ఏటా 12,000 కిలోమీటర్లు తిరుగు బండి పదమూడునుండి పదిహేడునకు పెరిగిన, అనగా నాలుగే పెరిగిన, 217 లీటర్లు మిగులును. పదిహేడునుండి ఇరవై ఆరునకు తొమ్మిది పెరిగినను మిగులునది 244 మాత్రమే. మన కళాశాల వ్యాను ఎనిమిది ఇచ్చుచున్నదని డ్రైవరు చెప్పినాడు. దానిని బాగుచేయించి పది ఇప్పించగలిగిన, అంతే దూరమునకు 300 లీటర్లు మిగులును. మా కొత్త కారు మొత్తము మీద మిగిల్చిన దానికంటె అది ఎక్కువ. కనుక కొత్త వాహనపు కొటేషన్లు తెప్పించుటకు ముందు మంచి మెకానిక్కును తెప్పించుడని మా మనవి.

మా మూడు లక్షల సంగతి కూడ దాచుట ఎందుకు? వాణిజ్యశాఖలోని మా సహోద్యోగికి ఇదే కారు, మోటారు లేనిది ఉన్నది. ఆయనకు పదమూడు వచ్చుచున్నది. ఆ పోలికన మాకు ఏటా మిగులునది ఇరువదిమూడు వేలు. మూడు లక్షలు తిరిగి వచ్చుటకు దాదాపు పదమూడేండ్లు. బ్యాటరీకి ఇచ్చిన హామీ ఎనిమిదేండ్లు. మా ఉద్యోగవిరమణకు నాలుగేండ్లు. క్యాలెండరు వెనుక లెక్క మా శ్రీమతి చింపలేదు. సంవత్సరము మారినను ఆ కాగితము వంటయింటి అలమరలోనే ఉన్నది.

గత సంక్రాంతికి ముందు అత్తగారు ఆదోనిలో వాకిట కాలు జారి పడినారు. ఎముక విరుగలేదు గాని ఒంటరిగా ఉండు వీలు లేకపోయినది. మేమే వెళ్ళి తీసికొని వచ్చినాము. ఎమ్మిగనూరు సంతవీధిలో బండ్లు కిక్కిరిసి, కారు నిలుచుచు, ఇంజను ఆగిపోయి, మోటారు మీద చప్పుడు లేకుండ జరుగుచుండెను. వెనుక సీటునుండి ఆమె, "బండి చెడిపోయిందా నాయనా?" అని భయపడినారు. లేదమ్మా, ఇది ఇట్లే నడుచును అన్నాము. "చప్పుడు లేకుండా నడిచే బండికి ఎంత ఇచ్చినారో" అన్నారామె. మా శ్రీమతి కిటికీలోనుండి బయటకు చూచుచుండెను.

ఇప్పుడు ఆమె మంచము హాలులో ఉన్నది. భవిష్యనిధి నుండి అప్పు తీసినాము. మొన్న ఆదివారము మేస్త్రీ వచ్చి పెరటిలో టేపు పరచి కొలతలు తీసినాడు, పది అడుగులకు పన్నెండు. పోవుచు గేటు దగ్గర నిలిచి కారును చుట్టి చూచి, "కొత్త బండి సార్! ఎంత ఇస్తుంది?" అన్నాడు.

మా శ్రీమతి తలుపు వద్దనే ఉన్నది.

"పదిహేడు" అన్నాము.

"అంతేనా?" అని వాడు టేపు చుట్టుకొని, పునాదికి ఎన్ని ట్రాక్టర్ల రాయి కావలెనో చెప్పనారంభించినాడు.