కావలివాని జీతము

మా పాఠశాల పత్రికను కూర్చు కంప్యూటరు తెరపై గత మాసమున ఒక ఎఱ్ఱని పెట్టె ప్రత్యక్షమైనది. మీ రక్షణకు ఇంక ఐదు దినములే గడువు, వెంటనే పొడిగించుకొనుడని దాని హెచ్చరిక. మఱునాడు నాలుగు దినములనెను. ఆ మఱునాడు మూడు. పిల్లల వ్యాసములను దిద్దుచుండగా సరిగా అక్షరముల మీదికి వచ్చి నిలుచును. ప్రక్కకు నెట్టినచో కొంతసేపటికి మరల వచ్చును. బాకీ వసూలునకు వచ్చి అరుగు మీద తిష్ఠ వేసినవానివలె నున్నదే యని నవ్వుకొంటిమి. కాని లోపల భయము లేకపోలేదు.

ఆ భయము 2019వ సంవత్సరపు సంచికనాటిది.

మన వేమగల్ కోలారునుండి చిక్కబళ్ళాపురము పోవు దారిలో నున్నది. ఈ ప్రాంతమున కన్నడము అచ్చు వేయించుకొనుటకు చిక్కు లేదు. 'నుడి' పెట్టుకొన్న అంగళ్లు కోరినన్ని గలవు. తెలుగునకు 'అను' అక్షరములు గల అంగడిని వెదకికొని పోవలెను. ఆ యేడు అట్టి అంగడి యొకటి దొరకగా, 31 మంది బాలబాలికల రచనలను పెన్‌డ్రైవులో నుంచుకొని పోతిమి. తిరిగి వచ్చి పాఠశాలలో తగిలించి చూడగా ఫోల్డర్లన్నియు ఉన్నట్లే యుండెను గాని ఒక్కటియు తెరచుకొనలేదు. ప్రతిదాని మూలను ఒక చిన్న బాణపు గుర్తు మాత్రము క్రొత్తగా మొలచినది. ఏదో తెగులు సోకినదని గ్రహించి, పెన్‌డ్రైవును ఆమూలాగ్రముగా తుడిచివేసినచో బాగుపడునని తలచి, అట్లే చేసితిమి. కంప్యూటరులోని ప్రతి యేమైనదని మీరడుగవచ్చును. మొదటినుండియు మేము పెన్‌డ్రైవులోనే పని చేయుచుంటిమి. వేఱు ప్రతి లేదు.

ఆ జాతి వైరస్ ఫైళ్లను చెఱుపదని తరువాత తెలిసినది. వానిని మఱుగుపఱచి, వాని పేర్లతో నకిలీ గుర్తులను నిలుపును. మఱుగుపడినవానిని వెలికి తీయుట తెలిసినవానికి కొన్ని నిమిషముల పని. కావున వైరస్ దాచినది, చెఱిపినవారము మేము.

పిల్లలు మరల వ్రాసి యిచ్చిరి. కొందఱు మొదటికంటె బాగుగనే వ్రాసిరి. కాని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన అవ్వ పాడిన రాగులు విసరు పాటను రెండు పుటలు వ్రాసికొని వచ్చియుండెను. ఆ నోటుపుస్తకము పరీక్షలు కాగానే పాత కాగితములవానికి పోయినది. మేము స్వయముగా వారి యింటికి పోయి అవ్వను మరల పాడుమని వేడితిమి. "తిరగలి తిప్పుతా ఉంటే వస్తాది అయ్యవారూ, ఊరికే కూచుంటే యాడ వస్తాది?" అని ఆమె నవ్వెను. తిరగలి అప్పటికే పశువుల కొట్టము ముందు మెట్టుగా మారియున్నది. రాగులు మిల్లునకు పోవుచున్నవి. ఎంత ప్రయత్నించినను అర పుట మాత్రమే జ్ఞప్తికి వచ్చినది. సంచికలో అచ్చయినది ఆ అర పుటయే.

ఆ వారముననే మేము వైరస్ నిరోధక సాధనమును కొంటిమి. మొదటి యేడు 499 రూపాయలు. తరువాత ఏటేట పెరుగుచు వచ్చి నేడు 1,199 అయినది. మా జీతమునుండియే చెల్లించుచుంటిమి. అడుగకయే బ్యాంకు ఖాతానుండి పోవునట్లు ఏర్పాటు. ఇట్టి చెల్లింపులకు ఖాతాదారునకు 24 గంటల ముందే వర్తమానము పంపవలెనను రిజర్వు బ్యాంకు నియమము 2021 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ వర్తమానము రాకుండ నున్నచో ఈ సారియు ఆలోచింపకయే చెల్లించియుందుము.

ఆ సాయంకాలము నరసాపురలోని కర్మాగారమున కంప్యూటర్ల పని చూచు మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చెను. ఎఱ్ఱ పెట్టెను చూచి, "సార్, మీ కంప్యూటర్లో ఇద్దరు కావలివాళ్లు ఉన్నారు. మీరు జీతం ఇచ్చేవాడు మేలుకుని ఉన్నంతవరకు జీతం అడగనివాడు పడుకుని ఉంటాడు" అనెను. ఆ రెండవవాడు విండోస్‌తో పాటు వచ్చు డిఫెండరు. 2012లో విండోస్ 8తోను, 2015లో విండోస్ 10తోను వైరస్ నిరోధకముగా అది ఉచితముగనే వచ్చినది. మాకు ఆ సంగతి తెలియదు. మేము తిరుపతిలో పండిత శిక్షణ పొందుచున్న 2004 నాటికి ఫ్లాపీలు ఇంకను చెలామణిలో నుండెను. రక్షణ కావలెనన్న విడిగా సంపాదించుకొనవలసిన కాలమది. ఆనాటి తెలివితోనే ఇన్నేండ్లు గడిపితిమి. ఉపాధ్యాయులకు ఈ జబ్బు సామాన్యమే.

ఐనను వెంటనే ఒప్పుకొనలేదు. డబ్బు పుచ్చుకొనువాడు ఎక్కువ శ్రద్ధతో కాయడా యని వాదించితిమి. అతడు 2017 మే 12 నాటి కథ చెప్పెను. ఆనాడు వన్నాక్రై అను పీడ ప్రపంచమున రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో చొరబడి, ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు 300 డాలర్లు అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచిపోయినది. మనకు పొరుగుననున్న చిత్తూరు జిల్లాలో పోలీసు కంప్యూటర్లకును ఆ తెగులు తగిలినది. అది వచ్చిన కంతను పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టు వారు ఆ యేటి మార్చి 14ననే విడుదల చేసియుండిరి. వేసికొననివారే పెక్కుమంది చిక్కిరి. "గోడకు కంత ఉంటే కావలివాడు ఎంతమందిని ఆపుతాడు సార్?" అని అతని ప్రశ్న. మా కంప్యూటరు గోడయు అట్టిదే. దానిలోనున్న విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11ను మోయు శక్తి దానికి లేదు.

జీతము పుచ్చుకొను సాధనములన్నియు వ్యర్థమని మేమనము. ఇంటిల్లిపాది ఫోనులు, కంప్యూటర్లు ఒక్కచోట కాపాడుకొనదలచినవారికి అవి ఉపయోగపడవచ్చును. మా ప్రశ్న వేఱు: మేము కాపాడదలచిన దేమి?

దీనికి జవాబు తల్లిదండ్రుల సమావేశమున దొరకినది. మాటవరుసకు ఈ ప్రస్తావన తేగా, టమాటా పండించు పెద్దమనిషి యొకరు, "ముడత తెగులు వచ్చిన చెట్టుకు మందు లేదు అయ్యవారూ, పెరికి పారేయాల్సిందే. మేము మందు కొట్టేది తెల్లదోమకు. నారు మీద వల కప్పేదీ దానికే" అనిరి. ఆ ముడతకును మూలము వైరసే. దానిని చెట్టునుండి చెట్టునకు మోయునది తెల్లదోమ. మా పెన్‌డ్రైవు చేసిన పని ఇదియే గదా! ఆయన అంతటితో విడువలేదు. "మా తాత రాగులు రెండు పాతరల్లో పోసేవాడు. ఒకదాంట్లోకి నీళ్లు దిగినా రెండోది ఉంటాది. పిల్లోళ్ల రాతలకు రెండో పాతర ఉండాదా?"

లేదు. ఇన్నేండ్లు కావలివానికి జీతమిచ్చితిమి గాని రెండవ పాతర త్రవ్వలేదు. యంత్రము చెడినను, దొంగ యెత్తుకొనిపోయినను, మావంటివాడు తుడిచివేసినను, ఎంత జీతమిచ్చిన కావలివాడును ఆ అర పుటను తిరిగి తేలేడు.

గడువు చివరిదినమున బ్యాంకు ఏర్పాటును రద్దు చేసితిమి. గడువు తీరిన సాధనమును అట్లే పడియుండనీయక పూర్తిగా తొలగించితిమి. లేనిచో ఆ నిద్రించువాడు మేల్కొనుటకు అడ్డము కావచ్చునట. పత్రిక కూర్చు కంప్యూటరునకు ఇంటర్నెట్టు తీగను తీసివేసితిమి. బయటినుండి వచ్చు పెన్‌డ్రైవు ఏదైనను ముందుగా ఉపాధ్యాయుల గదిలోని క్రొత్త కంప్యూటరులో పరీక్షకు నిలువవలెను. మిగిలిన 1,199 రూపాయలతో రెండు పెన్‌డ్రైవులు వచ్చినవి. ఒకటి కార్యాలయపు బీరువాలోను, ఒకటి మా యింటను ఉండును. ప్రతి రచనను కాగితముపైనను అచ్చు తీయుచున్నాము. పాత పద్ధతి ఖతులతో కూర్చినవానిని యూనికోడునకు మార్చు పనియు మొదలైనది. ఆ ఖతి లేనిచోట తెలుగంతయు వింత గుర్తులుగా కనిపించును. అక్షరము చెదరుటకు వైరసే అక్కఱలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మేము ఏర్పాటు రద్దు చేసిన వారములోనే మా బంధువుల కొకరికి, మీ వైరస్ రక్షణ పొడిగింపబడినది, వేలకొలది రూపాయలు తీసికొంటిమి, వలదన్నచో ఈ నంబరునకు ఫోను చేయుడని వర్తమానము వచ్చినది. ఆయనకు కంప్యూటరే లేదు! అట్టి నంబర్లకు ఫోను చేయకుడు. ఇదివఱకే డబ్బు పోయినచో వెంటనే 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయుడు.

ఇక పూర్వవిద్యార్థులకు. 2019 సంచికకు వ్రాసినవారిలో ఎవరియొద్దనైన చిత్తుప్రతులు, ఫోనులో తీసిన పుటల బొమ్మలు ఉన్నచో తెచ్చి యియ్యుడు. రాగులు విసరు పాట తెలిసిన అవ్వలు మీ యిండ్లలో నున్నచో కబురు చేయుడు. తిరగలి యొకటి పాఠశాలకు తెప్పించితిమి. రాగులు కూడ సిద్ధముగా నున్నవి.