యాడి పెట్టెలో చాంది

మన తండాల్లో వెండిని చాంది అంటాం. పెట్టెలో ఉన్న చాంది నల్లబడితే మనవాళ్లు సాధారణంగా మూడు పనుల్లో ఒకటి చేస్తారు. కొందరు పళ్లపేస్టు వేసి పీచుతో గట్టిగా తోముతారు. కొందరు, మెరుగు పెడతామంటూ వీధిలోకి వచ్చినవాళ్ల చేతికి ఇస్తారు. ఎక్కువమంది ‘ఇంక ఇది దేనికి పనికొస్తుంది’ అనుకొని ప్రొద్దుటూరు తీసుకెళ్లి అమ్మేస్తారు. మూడింటిలోనూ నష్టపోయేది మనమే. నల్లబడిన వెండిని ఇంట్లోనే, పది రూపాయల సోడాతో తెల్లగా చేసుకోవచ్చు. ఆ పని ఎట్లా చేయాలో మన పిల్లలకూ, తోటి ఉపాధ్యాయులకూ చెబుదామని ఇది రాస్తున్నాను. మా ఇంట్లో ఆ పని చేసినప్పుడు తెలిసిన ఒక సంగతి కూడా ఇందులో ఉంది.

నేను సుగాలీని. కడప జిల్లా ఖాజీపేట మండలంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా మండలంలో కేసీ కాలువ నీళ్లు పారే పొలాల్లో వరి, పసుపు పండుతాయి. కొండవైపు ఉన్న మా తండా భూములకు ఆ నీళ్లు ఎక్కవు. వాన పడితే పంట, లేకపోతే లేదు. చాంది కథ అర్థం కావాలంటే ఈ మాట ముందు చెప్పాలి.

మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊళ్లూ రాజ్యాలూ తిరిగినవాళ్లు. భూమి లేదు, గోడలున్న ఇల్లు లేదు, బ్యాంకు అసలే లేదు. సంపాదించినది ఎక్కడ దాచాలి? ఒంటిమీదే దాచారు. చెంపల పక్కన వేలాడే ఘుగ్రీ, మెడలో హాస్లీ, రూపాయల హారం, కాళ్లకు వాంక్డి. ఇవి అలంకారమే కాదు, ఆ ఇంటి పొదుపు కూడా. అందుకే మన ఆడవాళ్ల నగలు అంత బరువుగా ఉంటాయి. మద్రాసు రాష్ట్రంలో 1909లో అచ్చయిన థర్స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో కూడా లంబాడీల గురించి చెప్పేచోట ఆడవాళ్ల దుస్తులూ నగలూ వర్ణించి ఉన్నాయి. చూసినవాళ్లకు అవి వింత. మనకు మాత్రం కరువులో అన్నం.

ఇక వెండి ఎందుకు నల్లబడుతుంది? చాలామంది దాన్ని తుప్పు అనుకుంటారు. ఇనుముకు పట్టే తుప్పుకు కారణం గాలిలోని ఆక్సిజన్, తేమ. వెండిని నల్లబరిచేది ముఖ్యంగా గంధకం. గాలిలో చాలా కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వెండిని తాకి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొరను కడుతుంది. ఉల్లిపాయ, కోడిగుడ్డు, ఉన్ని, రబ్బరు బ్యాండు వీటన్నిటిలోనూ గంధకం ఉంది. నగలను రబ్బరు బ్యాండు చుట్టి దాచితే బ్యాండు తగిలినచోట నల్లటి గీత పడేది అందుకే.

దీన్ని బడిలో చూపించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే ఉడికించిన గుడ్డు ఒకటి చాలు. పచ్చసొన చిదిమి మూత ఉన్న డబ్బాలో వేసి, పక్కన తగలకుండా ఒక చిన్న వెండి మట్టెను పెట్టి మూయాలి. మర్నాటికి మట్టె ముందు పసుపుగా, తరువాత గోధుమరంగుగా, నల్లగా మారుతూ కనిపిస్తుంది. మా ఐదో తరగతి పిల్లలు ఇది చూశాక ఇంటికిపోయి వాళ్ల అమ్మలకు గుడ్డు వలిచిన చేత్తో మట్టెలు తాకొద్దని చెప్పారట.

పెట్టెలో దాచిన వెండి నల్లబడినంతగా ఒంటిమీద రోజూ పెట్టుకునే వెండి నల్లబడదు. గుడ్డకూ చర్మానికీ రాసుకుంటూ ఉండడంవల్ల పొర మందంగా పేరుకోదు. మా దాది కాళ్ల వాంక్డి నల్లబడడం నేను చూడలేదు. చనిపోయేదాకా వాటిని ఆమె తీయలేదు. మా యాడి యాభై ఏళ్లకు వాటిని పెట్టెలో పెట్టింది. నేను చీర కట్టి బడికి పోతున్నాను. మా అన్న కూతురు చుడీదారు వేసుకొని కాలేజీకి పోతున్నది. మూడు తరాల్లో చాంది ఒంటిమీదనుంచి పెట్టెలోకి పోయింది. నల్లబడడానికి గంధకం ఎంత కారణమో, పెట్టుకోకపోవడం కూడా అంతే కారణం.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి కాలేజీలో మన వేషం వేసుకోవాలని మా అన్న కూతురు ఆన్‌లైన్‌లో నగల సెట్టు చూస్తూ ఉంది. ఇంట్లో అసలువి ఉండగా ఇదెందుకు అన్నాను. ‘అవి నల్లగా ఉన్నాయి అత్తా, వేసుకుంటే అందరూ నవ్వుతారు’ అంది. ఆ ఆదివారమే యాడి పెట్టె తెరిచాం.

మేం చేసిన పద్ధతి చెబుతాను. ముందు నగలను కుంకుడు రసంలోగానీ, సబ్బునీళ్లలోగానీ మెత్తటి బ్రష్షుతో కడిగి జిడ్డు పోగొట్టాలి. జిడ్డు ఉంటే తరువాతి పని సరిగా జరగదు. ఒక ప్లాస్టిక్ లేదా గాజు గిన్నెలో అడుగున అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం కాగితం పరచాలి. లీటరు వేడినీళ్లకు రెండు మూడు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కలిపి పోయాలి. నగలు ఆ కాగితాన్ని తాకుతూ ఉండేటట్టు ముంచాలి. తాకకపోతే పని జరగదు. కొద్ది నిమిషాల్లో నలుపు తగ్గుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అది పోతున్న గంధకం వాసన. అందుకే కిటికీ తెరిచి ఉంచాలి, గిన్నెమీదికి వంగి వాసన చూడకూడదు. నలుపు మందంగా ఉంటే కొత్త కాగితం, కొత్త నీళ్లతో ఇంకోసారి చేయాలి. తరువాత మంచినీళ్లతో కడిగి, పాత నూలుగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

కాగితం లేకపోతే వంటకు వాడని పాత సిలవరు గిన్నె చాలు. మనం సిలవరు అనేది అల్యూమినియమే. పేరుకే అది సిల్వరు. దానిలో వెండి లేదు. అయినా వెండికి వెండిని తిరిగి ఇచ్చేది అదే. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. అవి నగమీది నల్లపొరకు చేరితే గంధకం విడిపోయి వెండి మళ్లీ వెండిగా అక్కడే మిగులుతుంది. తోమడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తోమితే నల్లపొరతోపాటు దానిలో ఉన్న వెండి కూడా పోతుంది. పేస్టుల్లో వెండికంటే గట్టి పొడులు ఉంటాయి కాబట్టి గీతలు పడతాయి, ఏళ్లతరబడి తోమితే పనితనం అరిగిపోతుంది. మన పెద్దవాళ్లు మెత్తటి విభూతిని గుడ్డమీద వేసి మెల్లగా రుద్దేవాళ్లు. అదైనా నయం.

అన్ని నగలనూ నీళ్లలో వేయకూడదు. లోపల డొల్లగా ఉండి లక్క నింపిన కడియాలు, గుండ్లు వేడినీళ్లలో వేస్తే లక్క మెత్తబడి కారుతుంది. దారంతో, పూసలతో, గవ్వలతో కట్టినవి పాడవుతాయి. చెక్కుడు పని ఉన్నచోట గాళ్లలో నలుపు ఉంటేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది. అటువంటివాటిని పొడిగుడ్డతో తుడిచి వదిలేయాలి. రూపాయల హారంలోని పాత నాణేలను కూడా తోమవద్దు. పాత నాణేలు కొనేవాళ్లు మెరిసే నాణేనికి విలువ తక్కువ కడతారు.

ఆ నాణేల మీది సంవత్సరం మాత్రం తప్పక చదవండి. 1940కి ముందు రూపాయి 11.66 గ్రాముల బరువు. దానిలో నూటికి 91.7 పాళ్లు వెండి. అంటే ఒక్కో రూపాయిలో సుమారు 10.7 గ్రాములు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండి సగానికి తగ్గించారు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిలో సగమే వెండి. 1947 రూపాయి నికెల్‌ది, దానిలో వెండి లేదు. మా యాడి హారంలో పదకొండు రూపాయలున్నాయి. మా అన్న కూతురు ఒక్కొక్కదాన్ని తిప్పి చదివింది. విక్టోరియా రాణివి నాలుగు, ఎడ్వర్డుది ఒకటి, జార్జివి ఆరు. జార్జివాటిలో రెండు 1944వి. ఇందులో చరిత్ర ఉంది, శాతాల లెక్క ఉంది. ఏ పాఠ్యపుస్తకం ఇంత బాగా చెబుతుంది?

హాస్లీ తెల్లబడింది. ఘుగ్రీ తెల్లబడింది. వాంక్డి జత మాత్రం మారలేదు. రెండోసారి కొత్త కాగితం వేసి ముంచినా మసక పోలేదు. నాకు అనుమానం వచ్చింది. వంటింట్లో తూకం, బడి కొలజాడీ తెచ్చాను. 210 గ్రాముల వెండిని నీళ్లలో ముంచితే నీళ్లు 20 మిల్లీలీటర్లు పైకి లేవాలి. అదే బరువు జర్మన్ సిల్వర్ అయితే 24 మిల్లీలీటర్ల దాకా లేస్తాయి. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. దానిలోనూ పేరే తప్ప వెండి లేదు. మా వాంక్డి గట్టిగా పోత పోసినవి, లోపల డొల్ల లేదు. లెక్క జర్మన్ సిల్వర్ వైపే వచ్చింది.

యాడి అరుగుమీద కూర్చొని అంతా చూస్తూనే ఉంది. నేను అడగకముందే మా గోర్ మాటలో చెప్పింది. ‘అవి అసలువి కావు. మీ దాది ఇచ్చినవాటిలో ఒకటి బోరుకు పోయింది, ఒకటి నీ చదువుకు పోయింది.’

2002 కరువు సంగతి అది. ఆ ఏడు వానలు రాలేదు. మా నాయన అప్పు చేసి బోరు వేయించాడు. అప్పు చాలక ఒక కడియం అమ్మాడు. నాలుగు వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. అప్పుడు నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. హాస్టల్ ఖర్చులకు డబ్బు ఏ నెలా ఆగలేదు. అది ఎక్కడిదని నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. రెండో కడియం అదేనట.

‘మరి ఇవి ఎందుకు చేయించావు?’ అన్నాను.

‘పెళ్లికి పోతే ముందు కాళ్లు చూస్తారు. కాళ్లు బోసిగా ఉంటే ఏమయిందని నలుగురూ అడుగుతారు. అడిగినవాళ్లందరికీ మన కరువు చెప్పుకుంటామా?’

పాత కడియాలు చేసిన కంసాలి చేతే అదే నమూనాలో చేయించుకుందట. నికెల్ పడక కొన్నాళ్లు చీలమండ దగ్గర దురద పెట్టిందట. అయినా మా అన్న పెళ్లిదాకా వాటిని తీయలేదు. తండాలో ఇంకా ఎవరెవరు అట్లా చేయించుకున్నారో కూడా వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. ఆమెకు తెలిసినంతవరకే ఎనిమిది ఇళ్లు. ఆ ఎనిమిది ఇళ్లలో రెండింటి పిల్లలు నా తరగతిలో ఉన్నారు.

ఇది విన్నాక జర్మన్ సిల్వర్‌ను దొంగ నగ అనడం నాకు నోరు రాదు. అంగట్లో దాని వెల తక్కువే. కానీ ఆ ఏడు ఏం జరిగిందో మా ఇంట్లో చూపించే వస్తువు అదొక్కటే. నష్టపరిహారం జాబితాల్లో ఎండిన పంట రాస్తారు, ఎండిన బోరు రాస్తారు. కాళ్లమీదనుంచి దిగిన చాందిని ఏ కాగితంలోనూ రాయలేదు. వాంక్డిని గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, ఆరిన గుడ్డతో రుద్దాం. దానికి అంతకన్నా అవసరం లేదు. మా అన్న కూతురు కాలేజీకి హాస్లీతోపాటు అవి కూడా పెట్టుకొని పోయింది. అసలేదో, కానిదేదో తెలిసే పెట్టుకుంది.

2024లో వెండి కిలో లక్ష రూపాయలు దాటింది. అప్పటినుంచి తండాలవైపు కొనేవాళ్ల రాకపోకలు ఎక్కువయ్యాయి. నల్లగా ఉందని ధర తగ్గించి అడుగుతున్నారు. నల్లపొర చాలా పలుచనిది. దానివల్ల లోపలి వెండి తగ్గదు. అమ్మక తప్పకపోతే ముందు ఇంట్లో శుభ్రం చేసుకోండి, బరువు రాసుకోండి, నగమీద 925 వంటి ముద్ర ఉందేమో చూడండి. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. ఒక్కచోటే కాకుండా రెండు మూడు అంగళ్లలో అడగండి. మెరుగు పెడతామని వీధిలోకి వచ్చేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వవద్దు. నత్రికామ్లం కలిసిన నీళ్లలో ముంచితే వెండి కరిగి ఆ నీళ్లలోకి పోతుంది. నగ మెరుస్తూ తిరిగి వస్తుంది, బరువు వాళ్ల సీసాలో ఉంటుంది.

శుభ్రం చేసినవాటిని పొడి నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని కవరులో పెట్టండి. పక్కన ఒక సుద్దముక్క వేస్తే తేమ పీల్చుకుంటుంది. మన టీచర్ల దగ్గర దానికి కొదవలేదు. అన్నిటికన్నా మంచిది, పండగకూ పెళ్లికీ తీసి పెట్టుకోవడం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. తండా పిల్లలు ఉన్న బడిలో ఈ పని ఒక ప్రాజెక్టుగా చేయించండి. నగలు బడికి తేనక్కరలేదు, అది క్షేమం కాదు. నోట్‌బుక్ ఇంటికి పోతే చాలు. నగ పేరు గోర్ బోలీలో ఏమిటి, బరువెంత, ఎవరు చేయించారు, ఎవరికి ఇచ్చారు అని వరుసలు గీసి ఇవ్వండి. చివర ఇంకొక వరుస పెట్టండి: ఇప్పుడు లేని నగ ఏది, ఏ సంవత్సరం పోయింది, దేనికోసం పోయింది. మా అన్న కూతురి నోట్‌బుక్‌లో ఆ వరుసే అన్నిటికన్నా పొడుగ్గా వచ్చింది. దాన్ని నింపగలిగిన వాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి ఉన్నారు. వాళ్లు ఉండగానే అడగండి.