లొట్టి కల్లు, మేక బోటి.. జనగామ జోడీ!

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. చెక్క పలక మీద మేకపాల చీజ్, పక్కన వైట్ వైన్, నాలుగు ద్రాక్షపండ్లు. ఫ్రాన్స్‌లోని సాన్సెర్ వైన్‌కి, అక్కడే ఉన్న షవిన్యోల్ ఊరి మేక చీజ్‌కి అలాగే జోడీ కుదిరింది. రెండూ ఒకే కొండల్లో పుట్టినవి. ఆ వీడియో వచ్చినప్పుడల్లా నాకు మాత్రం జనగామ తాటివనం గుర్తొస్తుంది.

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు పడితే ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి, తర్వాత జనగామ. ఇంకాస్త ముందుకెళ్తే రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్. గీత కుటుంబంలో పుట్టి మొఘలులను ఎదిరించిన సర్వాయి పాపన్న కోట ఇక్కడే ఉంది.

ఎండాకాలం పొద్దున్నే మా దోస్తు వాళ్ల నాయిన మోకు వేసుకుని చెట్టెక్కి లొట్టి దించాడు. తాటాకు రేక పట్టుకుంటే పైనుంచి పోశాడు. తెల్లగా, తియ్యగా, చివర్లో చిన్న పులుపు.

“పొద్దుగాల తియ్యగుంటది బిడ్డా, పొద్దెక్కినకొద్దీ పులుస్తది.”

ఈస్ట్ ఆ తీపిని తింటూ ఆల్కహాల్‌గా మార్చేస్తుంటుంది మరి!

పక్కన మోదుగాకు డొప్పలో బోటి వేపుడు, శనగ గుడాలు, ఉల్లిగడ్డ. ఇక్కడ మేకల్ని మాంసానికే పెంచుతారు, చీజ్ మాటే లేదు. కానీ లెక్క అదే. బోటి కొవ్వు నాలుకకు అంటుకుంటుంది, కల్లు పులుపు దాన్ని కడిగేస్తుంది. వైన్ చేసేదీ ఇదే పని. అందుకే తియ్యటి కల్లుకి ఉప్పు గుడాలు, పులిసిన కల్లుకి బోటి. మసాలా దట్టిస్తే కల్లు రుచి తెలియదు.

“మా నాయిన నాకు మోకు నేర్పిండు. నేను నా కొడుక్కి నేర్పలే. భయమైంది” అన్నాడాయన. చెట్టు మీది నుంచి పడినవాళ్లను చూసిన మనిషి. గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ సేఫ్టీ కిట్లు మొదలైంది 2024లోనే. మా దోస్తు ఏం మాట్లాడలేదు. సిటీలో ఉద్యోగం వాడిది, మధ్యాహ్నం బస్సుకి పోవాలి.

సాన్సెర్ పేరుకి 1936 నుంచి చట్టం కాపలా ఉంది. ఈ కల్లుకి కాపలా చెట్టెక్కే ఆ ఒక్క మనిషే.

21 ఏళ్లు దాటినవాళ్లయితే ఓసారి వెళ్లండి. పొద్దున్నే, చెట్టు కిందే, కళ్లముందు దించిందే తాగండి. బండి మాత్రం తాగనివాళ్లకు ఇవ్వండి.