గిర్ని సాయిబు పిల్లలం

మేము గిర్ని సాయిబు పిల్లలం. బడి రిజిస్టరులో మా పేర్లు ఏవైనా కానీ, ఊరికి మాత్రం మేము అంతే. మా అబ్బాకు పిండిగిర్ని ఉండేది. ఊరి జొన్నలు, మక్కలు, గోధుమలు ఆ రెండు రాళ్ల మధ్య నలిగి ఊరికి రొట్టెలయ్యేవి. 'సాయిబు' అన్న మాటలో అప్పట్లో మాకు ఎడం కనిపించలేదు.

పోయిన మే నెలలో నెదర్లాండ్స్‌లో ఉంటున్న మా ఖాలా కొడుకు ఇంటికి పోయాం. ఏటా మే రెండో శని, ఆదివారాలు అక్కడ మరల పండుగ. దేశమంతటా పాత గాలిమరలు, నీటిమరలు తలుపులు తెరిచి జనాన్ని లోపలికి పిలుస్తాయి. మమ్మల్ని ఒక చిన్న ఊరికి తీసుకుపోయాడు. అక్కడి గాలిమర ఏండ్ల తరబడి పాడుబడి ఉంటే ఊరివాళ్లే పూనుకుని బాగు చేయించుకున్నారట. చుట్టూ జెండాలు కట్టారు. ముసలివాళ్లు, పిల్లలు, బుట్టలో కుక్కపిల్లను పెట్టుకొచ్చినవాళ్లు, అందరూ వచ్చారు. ఆ మర పిండితోనే అట్లు పోసి అమ్ముతున్నారు.

ఆవిరి, డీజిలు, కరెంటు వచ్చాక ఆ దేశంలో వేల గాలిమరలు నేలమట్టమయ్యాయి. ఉన్నవాటినైనా కాపాడాలని 1923లో ఒక సంఘం పెట్టుకున్నారు. మర నడిపే విద్య తెలిసినవాళ్లు కరువవుతుంటే 1972లో జీతం లేకుండా మర నడిపేవాళ్లు ఇంకో సంఘం కట్టారు. ఇవాళ వెయ్యికి పైగా గాలిమరలు నిలిచి ఉన్నాయి. 2017లో మర నడిపే ఆ పనితనాన్ని యునెస్కో మానవజాతి వారసత్వమని రాసుకుంది. భవనాన్ని కాదు, పనిని. ఈ ముక్క మాకు బాగా నచ్చింది.

లోపల పెద్దాయన ఒకాయన రాళ్లు చూపించాడు. రాతి మీద నడిమి నుంచి అంచుదాకా గాట్లు. అవి అరిగిపోతే ఉలితో మళ్లీ కొట్టాలట. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అబ్బా నెలకోసారి రాయిని తిప్పి పడుకోబెట్టి, దస్తీ ముక్కుకు కట్టుకుని కక్కు కొట్టేవారు. ఏడు సముద్రాల అవతల అదే కక్కు.

ఆ పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. మరను ఆపినప్పుడు రెక్క ఎక్కడ నిలిస్తే దానికో అర్థం ఉందట. అట్టడుగుకు చేరడానికి కాస్త ముందే ఆపితే సంతోషం. అట్టడుగు దాటాక ఆపితే దుఃఖం. 2014 జూలైలో ఉక్రెయిన్ మీద మలేషియా విమానాన్ని కూల్చినప్పుడు 298 మంది పోయారు. అందులో 196 మంది ఆ దేశంవాళ్లే. అప్పుడు గాలిమరలు దుఃఖంలో నిలబడ్డాయి.

మా గిర్ని కూడా ఒకసారి అట్లా నిలబడింది.

1992 డిసెంబర్. బాబ్రీ మసీదు కూల్చిన వారం. మేము అప్పటికి పన్నెండేళ్లు దాటని పిల్లలం. మా ఊళ్లో ఎవరూ రాయి విసరలేదు, ఒక్క మాట అనలేదు. గిర్నికి మాత్రం ఎవరూ రాలేదు. మూడు రోజులు అబ్బా తలుపు తీసి, గద్దె మీద కూచుని, పొద్దుగూకినాక తలుపు వేసుకుని వచ్చారు. అమ్మీ ఏమీ అడగలేదు. నాలుగో రోజు కింది వాడ అవ్వ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"ఏం సాయిబూ, ఇంజన్ బందు వెట్టినవ్? పోరగాండ్లకు ఏం పెట్టాలె నేను?"

అబ్బా లేచి ఇంజను తిప్పారు. ఆ చప్పుడు విని సాయంత్రానికి ఇంకో నలుగురు వచ్చారు. మూడు రోజులు ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఈ రోజు దాకా అడగలేదు.

తిరిగివచ్చే దారిలో మా ఖాలా కొడుకు ఉత్సాహంగా అన్నాడు: "గాలిమర మొదట మనవాళ్లదే భాయ్!" పదో శతాబ్దపు భూగోళ రచయితలు సీస్తాన్ గాలిమరల గురించి రాసిన మాట నిజమే. ఇరాన్‌లోని నష్తీఫాన్‌లో మట్టితో, కట్టెతో కట్టిన పాత మరలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని 'ఆస్‌బాద్' అంటారు. బాద్ అంటే గాలి, ఉర్దూ షాయిరీ చదివినవాళ్లకు తెలిసిన మాటే. యూరపులో గాలిమర 12వ శతాబ్దంలో కనిపిస్తుంది. అది అక్కడి నుంచి వచ్చిందా, వీళ్లే కనిపెట్టుకున్నారా అన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు.

ఎవరిదైతే మాకేం? సీస్తాన్ మర మాది అని చెప్పుకుంటే, మమ్మల్ని 'మీరు అక్కడివాళ్లు' అనేవాళ్ల మాటకు మేమే సాక్ష్యం పలికినట్టు. మాది సీస్తాన్ కాదు. మాది ఆ అవ్వ జొన్నలు విసిరిన గిర్ని.

ఈమధ్య మా ఊరి పంచాయతీ ముందర ఊరి చరిత్ర అని బోర్డు పెట్టారు. గుడి ఉంది, చెరువు ఉంది, దొర గడీ కూడా ఉంది. ముప్ఫై ఏండ్లు ఊరికి పిండి పట్టిన గిర్ని లేదు. పీర్ల కొట్టం లేదు. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, మాతో చదువుకున్నవాళ్లే. మరిచిపోయారు. మరిచిపోవడానికి కూడా మేమే దొరికాం.

అబ్బా పోయాక గిర్ని కూలింది. రెండు రాళ్లూ పెరట్లో ఉన్నాయి. ఒకదాని మీద అమ్మీ బట్టలు ఉతుకుతుంది. మేము పంచాయతీకి తెలుగులో దరఖాస్తు రాశాం. ఆ రాళ్లు తెచ్చి బోర్డు పక్కన పెడతామని, మీరు ఒక్క వాక్యం చేర్చండని. పైసా అడగలేదు. ఇంకా జవాబు రాలేదు.

వస్తే మంచిదే. రాకపోతే నాలుగో రోజు వచ్చిన ఆ అవ్వ మనవల దగ్గరికి పోతాం. ఈసారి మేమే ముందు అడుగుతాం.